ఓటు మానేస్తే పగ్గం తెగదు

"ఓటేసుడంటే మన మెడకు మనమే పగ్గం కట్టుకున్నట్టు గదన్నా! స్వేచ్ఛ గావాలన్నోడు ఆ రోజు ఇంట్ల పండుకోవాలె."

జవహర్‌నగర్‌లో మన సభ్యుల ఇళ్లకు వెళ్లినప్పుడు ఈ మాట వినని రోజు లేదు. అనేది ఊరూ పేరూ తెలియనివాళ్లు కాదు, మన రైతు బిడ్డలే. బోర్లు ఎండి, అప్పులు పెరిగి, రెండెకరాలు కౌలుకిచ్చి ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు పనులకు వచ్చినవాళ్లు. ధర్నాకు పిలిస్తే ముందు వరుసలో నిలబడతారు. ఓటు మాటెత్తితే మాత్రం నవ్వుతారు. "ఎవడు గెలిస్తే మనకేంది? ఓటెయ్యకపోతే కనీసం ఆ పాపం మనది కాదు" అంటారు.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. అందులో కోపం ఉంది, అనుభవం ఉంది, కొంత నిజం కూడా ఉంది. ముందుగా ఆ నిజాన్ని ఒప్పుకుందాం.

కోపానికి కారణాలున్నాయి

2018 ఎన్నికల్లో తెలంగాణ ప్రజలు 19 మందిని కాంగ్రెస్ గుర్తు మీద గెలిపిస్తే, 2019 జూన్ నాటికి వాళ్లలో 12 మంది అధికార పక్షంలో విలీనమయ్యారు. 2023లో ప్రభుత్వం మారింది, ఆట మారలేదు. ఈసారి బీఆర్‌ఎస్ గుర్తు మీద గెలిచిన పది మంది ఎమ్మెల్యేల ఫిరాయింపు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఓటరు ఒక గుర్తుకు వేసిన ఓటు మరుసటి ఏడాదికి ఇంకో గుర్తు ఖాతాలో పడుతుంటే, ఓటుకు విలువేమిటని అడిగినవాడిని తప్పుపట్టలేం.

బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ చెరకు రైతుకు ఆ గేటు తెరుస్తామన్న మాట వినపడుతూనే ఉంది. ఆ మాట విని ఓటేసిన రైతు తోటలోని చెరకు తీసేసి వేరే పంట వేసుకున్నాడు.

డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. పోలింగ్‌కు ముందు రాత్రి ఊళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. కవరు తీసుకున్న చేయి ఐదేళ్ల పాటు నిలదీయడానికి పైకి లేవదు.

కాబట్టి ఓటు వేసినంత మాత్రాన స్వేచ్ఛ వచ్చేస్తుందని మేము చెప్పడం లేదు. అలా చెప్పేవాళ్లు ఎన్నికల సంఘం పోస్టర్లు అంటించేవాళ్లు. మా ప్రశ్న వేరు. ఓటు మానేస్తే స్వేచ్ఛ పెరుగుతుందా? ఎవరికి పెరుగుతుంది?

తాళం వేసింది ఎందుకు?

ఓటుకు బలం లేదనేవాళ్లు 1996లో నల్లగొండలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన జిల్లా అది. దశాబ్దాల పాటు దరఖాస్తులు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి ఒక నిర్ణయం తీసుకుంది. ఓటు బహిష్కరించలేదు. తామే నామినేషన్లు వేశారు. నల్లగొండ లోక్‌సభ బరిలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో రైతులు ఇదే పని చేశారు. అక్కడ అభ్యర్థులు 1,033 మంది.

గెలిచింది వాళ్లు కాదు. నల్లగొండలో సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. కానీ నల్లగొండ నీళ్ల గోడు ఏమిటో దేశమంతా తెలిసింది. ఏళ్ల తరబడి ఇచ్చిన దరఖాస్తులకు దక్కని గుర్తింపు ఒక్క బ్యాలెట్ పత్రానికి దక్కింది.

దీనికి పాలకులు ఇచ్చిన జవాబు చూడండి. అప్పటిదాకా లోక్‌సభ జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 500 రూపాయలు. ఆ 1996లోనే చట్టం సవరించి దాన్ని పది వేలు చేశారు. స్వతంత్ర అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఒకరు సరిపోయేచోట పది మంది సంతకాలు కావాలన్నారు. తర్వాత డిపాజిట్ 25 వేలకు పెరిగింది. ఖాళీ కొట్టుకు ఎవరైనా తాళం వేస్తారా? లోపల విలువైనది ఏదో ఉంటేనే వేస్తారు.

ఆ తాళం వేశాక కూడా నిజామాబాద్ రైతులు లోపలికి వచ్చారు. 2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని ఆర్మూరు దగ్గర రోడ్డెక్కారు. వినేవాళ్లు లేకపోయేసరికి నామినేషన్ల దారి పట్టారు. ఊరూరా చందాలు వేసుకుని డిపాజిట్లు కట్టారు. ఏప్రిల్ 11 నాటి పోలింగ్‌లో మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. రైతులందరి డిపాజిట్లు పోయాయి. కానీ అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ అయిన కవిత కూడా ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు.

తర్వాత? బోర్డు వెంటనే రాలేదు. రైతులు ఆ బాండు పేపరును మరిచిపోలేదు, మరవనివ్వలేదు. 2023 అసెంబ్లీ ఎన్నికలకు రెండు నెలల ముందు, అక్టోబరు 1న, మహబూబ్‌నగర్ సభలో ప్రధానమంత్రి పసుపు బోర్డు ప్రకటించారు. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో అది మొదలైంది. ఆ ప్రకటన తేదీ చూడండి. ఎన్నికలు ముంచుకొస్తేనే నోరు తెరుచుకుంది. పసుపుకు మద్దతు ధర మాత్రం నేటికీ లేదు. బోర్డుతో సరిపెట్టుకోమంటే ఊరుకునేది లేదు. అయినా నిజామాబాద్ రైతు 2019లో ఇంట్లో పడుకుని ఉంటే ఆ బోర్డు కూడా వచ్చేది కాదు.

బషీర్‌బాగ్ నుంచి బ్యాలెట్ దాకా

కొందరు మిత్రులు ఇంకో మాట అంటారు. "మనకు ఏదొచ్చినా పోరాటంతోనే వచ్చింది, ఓటుతో కాదు." ఇది సగం నిజం. మిగతా సగం మన కళ్ల ముందే ఉంది.

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల పెంపుకు వ్యతిరేకంగా కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. నెత్తురు పారిన తర్వాత కూడా ఆ ప్రభుత్వం సంస్కరణల దారి వదల్లేదు. 2004లో జనం దాన్ని ఓడించారు. మే 14న ప్రమాణ స్వీకారం చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి మొదటి సంతకం వ్యవసాయ ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టారు.

ఆ తర్వాత ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండుగా చీలింది. ఇరవై ఏళ్లు దాటినా ఉచిత విద్యుత్‌ను తీసేసే ధైర్యం ఏ పార్టీకీ రాలేదు. 2023లో ఎన్ని గంటలు సరిపోతుందన్న చర్చ ఒక్కటి లేస్తేనే పార్టీలన్నీ పోటీపడి సంజాయిషీలు ఇచ్చుకున్నాయి. మన మీద ప్రేమతోనా? కాదు. బోరు మోటారు ఉన్న ప్రతి ఇంట్లో నాలుగు ఓట్లున్నాయన్న లెక్కతో. బషీర్‌బాగ్ త్యాగం లేకుండా 2004 తీర్పు లేదు. 2004 తీర్పు లేకపోతే ఆ త్యాగం ఏటా ఒక రోజు స్తూపం దగ్గర పూలదండగానే మిగిలిపోయేది.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చిన తెలంగాణ సాయుధ పోరాటం కంటే పెద్ద ఉదాహరణ మనకు లేదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. కొద్ది నెలలకే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. పార్టీ మీద నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి దేశంలోనే అత్యధిక ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. నెహ్రూకు కూడా అన్ని ఓట్లు రాలేదు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి, వెట్టి చేసిన మనిషి, జీవితంలో మొదటిసారి దొరతో సమానంగా వరుసలో నిలబడి ఓటేశాడు. బందూకు పట్టిన ఆ తరం ఓటును చిన్నచూపు చూడలేదు. వాళ్లకంటే మనకు స్వేచ్ఛ గురించి ఎక్కువ తెలుసా?

ఓటు లేనిచోట ఏం జరుగుతుందో జవహర్‌నగర్‌ను అడగండి

పాలకుడిని ఎన్నుకోకపోవడమే స్వేచ్ఛ అనే మిత్రులకు జవహర్‌నగర్ కంటే మంచి బడి లేదు. ఉప్పల్, నాచారం మీదుగా ఈసీఐఎల్ దాటి వస్తే ముక్కు పుటాలకే ఊరు తెలిసిపోతుంది. హైదరాబాద్ మహానగరం చెత్తంతా చేరేది ఇక్కడికే. చెత్త గుట్ట నుంచి ఊరిన నల్లనీళ్లు మల్కారం చెరువును పాడుచేశాయి. చుట్టుపక్కల బోరు నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి.

ఈ చెత్త ఎక్కడ పోయాలో తీర్మానించినవాళ్లు హైదరాబాద్ నగరపాలనలో ఉన్నారు. ఆ ఎన్నికల్లో జవహర్‌నగర్‌వాసికి ఓటే లేదు. అప్పుడది గ్రామ పంచాయతీ. 2019లో వేరే మున్సిపల్ కార్పొరేషన్ అయింది, అయినా 2025 దాకా గ్రేటర్ బయటే ఉండేది. చెత్త పోసేవాడికి ఓటు ఉండేది, వాసన పీల్చేవాడికి ఉండేది కాదు. ఆ రోజుల్లో జీహెచ్ఎంసీ పాలకులను ఎన్నుకునే "పాపం" చేయని జవహర్‌నగర్ ప్రజలు మిగతావాళ్లకంటే స్వేచ్ఛగా బతికారా?

కొందరు అంటారు: "2020లో జవహర్‌నగర్ కార్పొరేషన్‌కు ఓట్లేశారు గదా, గుట్ట కదిలిందా?" కదల్లేదు. ఎందుకంటే నిర్ణయం ఒక ఆఫీసులో, ఓటు ఇంకో ఆఫీసుకు. దీని నుంచి నేర్చుకోవాల్సిన పాఠం ఓటు మానేయమని కాదు. నిర్ణయం జరిగే ప్రతిచోటా మనకు ఓటు ఉండాలని కొట్లాడమని.

ఉప్పల్ భగాయత్ సంగతీ ఇంతే. మూసీ ఒడ్డున కూరగాయలు పండిన ఏడు వందలకు పైగా ఎకరాలను నగరాభివృద్ధి సంస్థ సేకరించింది. ఎకరానికి వెయ్యి గజాల ప్లాటు చేతికి రావడానికి రైతులు ఏళ్లపాటు తిరిగారు. మిగిలిన ప్లాట్లను అదే సంస్థ వేలం వేసి డబ్బు చేసుకుంది. ఆ సంస్థను నడిపేవాళ్లను ఏ ఉప్పల్ రైతూ ఓటేసి ఎన్నుకోలేదు. దించేయడానికీ వీల్లేదు.

వాళ్లకు భయం లెక్కపెట్టడమంటేనే

2020 సెప్టెంబరు 20 గుర్తుచేసుకోండి. రైతు వ్యతిరేక చట్టాలు రాజ్యసభకు వచ్చిన రోజు. ఓట్లు లెక్కపెట్టండని ప్రతిపక్షాలు అడిగాయి. లెక్కపెట్టలేదు. మూజువాణీతో అయిందనిపించారు. కోట్ల మంది రైతుల బతుకును మార్చే చట్టానికి ఎవరు అటు, ఎవరు ఇటు అని చేతులెత్తించి రాసుకోవడానికి కూడా వెనుకాడారు. రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు కూర్చున్నారు. చలికి, వానకు, కరోనాకు ఎందరో అక్కడే కన్నుమూశారు. 2021 నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. పంజాబ్, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు మూడు నెలల దూరంలో ఉన్నాయి. ఆ ఏడాది ఉద్యమం లేకపోతే ఆ ఎన్నికలకు భయపడేవాళ్లు కాదు. ఆ ఎన్నికలు లేకపోతే ఉద్యమం ఇంకెన్నాళ్లు రోడ్డు మీద ఉండేదో!

మన రాష్ట్రంలోనూ అంతే. 2020 అక్టోబరులో మన మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలోనే ధరణి ప్రారంభమైంది. రికార్డులో తప్పు పడితే అప్పీలు చేసుకునే దారి మూసేసి సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. తహసీల్, కలెక్టరేట్ల చుట్టూ తిరిగి చెప్పులరిగిన రైతు 2023లో ఓటుతో లెక్క తేల్చాడు. 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చి అప్పీలు వ్యవస్థ తిరిగి ఏర్పడింది. సమస్యలన్నీ తీరలేదు. కౌలు రైతు గోడు అలాగే ఉంది. దాని మీద ఈ ప్రభుత్వంతోనూ కొట్లాడుతున్నాం, రేపు ఓటు దగ్గరా గుర్తుంచుకుంటాం.

ఓటు వేయనివాడి మౌనాన్ని ఎవరూ లెక్కలో రాసుకోరు. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 46.55 శాతం పోలైంది. మిగతా సగానికి పైగా జనం ఇంట్లో ఉన్నారని గెలిచిన కార్పొరేటర్ అధికారం సగానికి తగ్గిందా? పదవీకాలం రెండున్నరేళ్లకు కుదించారా? ఎవరికీ ఓటు వేయడం ఇష్టం లేకపోతే 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా ఉంది. దానితో అభ్యర్థి ఓడిపోడు. కానీ కనీసం ఎన్నో కొన్ని అంకెలు నమోదవుతాయి. ఇంట్లో పడుకున్నవాడి కోపం, పట్టించుకోనివాడి బద్ధకం ఆ పట్టికలో ఒకేలా కనబడతాయి.

"నా ఒక్క ఓటుతో ఏమైతది?" అనే ప్రశ్నకు రైతుకు జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. చెరువు కట్టకు ఒక్క తట్ట మట్టితో ఏమవుతుందని ఎవరూ అడగరు. ఊరంతా తలా తట్ట వేస్తేనే కట్ట నిలుస్తుంది. ఒక్క గొంతుతో ధర్నా కాదని తెలిసీ ధర్నాకు వస్తున్నాం కదా. సంఘం నడిచే సూత్రమే అది.

అయితే ఒక మాట. ఓటు వేయకపోవడాన్ని నేరం చేయడానికి మేము ఒప్పుకోం. గుజరాత్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటును నిర్బంధం చేస్తూ చట్టం తెస్తే 2015లో హైకోర్టు దాన్ని నిలిపివేసింది. అది సరైన పని. కర్రతో తోలించుకుని వేసేది ఓటు కాదు. మనవాడు మానేస్తానంటే కూర్చోబెట్టి మాట్లాడతాం, వాదిస్తాం. ఈ వ్యాసం చేస్తున్నది అదే.

ఓటు అడగాల్సిన తలుపులు ఇంకా ఉన్నాయి

రైతు పంట అమ్ముకునే వ్యవసాయ మార్కెట్ కమిటీని మన రాష్ట్రంలో రైతులు ఎన్నుకోరు. ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. అధికార పార్టీ మారితే చైర్మన్ మారతాడు. కాంటాలో తరుగు తీసినా, మద్దతు ధర రాకపోయినా అతన్ని దించే హక్కు రైతుకు లేదు. ప్రాథమిక సహకార సంఘాలకు 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. 2025 ఫిబ్రవరిలో గడువు ముగిస్తే ఎన్నికలు పెట్టకుండా పొడిగింపుతో సరిపెట్టారు. గ్రామ పంచాయతీలకు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన సర్పంచ్ లేడని కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపింది. చివరకు 2025 డిసెంబరులో ఎన్నికలు పెట్టినప్పుడు పల్లె జనం 80 శాతానికి పైగా వచ్చి ఓటేశారు. ఓటు పనికిరానిదైతే, ఎన్నికలు వాయిదా వేయడానికి వాళ్లెందుకు ఇంత తంటాలు పడుతున్నారు?

మన కార్యకర్తలకు చెప్పేది ఇది. జవహర్‌నగర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో ఉంటున్న ప్రతి సభ్యుడూ ఓటరు జాబితాలో తన పేరు చూసుకోవాలి. ఊళ్లోనా, ఇక్కడా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. చట్ట ప్రకారం ఒక్కచోటే ఉండాలి. భూమి, పాసుబుక్కు, గొడవలు ఊళ్లో ఉంటే ఊళ్లో ఉంచుకోండి. పిల్లల చదువు, నల్లా, చెత్త బతుకంతా ఇక్కడైతే ఇక్కడికి మార్చుకోండి. రెండుచోట్లా లేకుండా పోవద్దు. పోలింగ్ రోజు వేతనంతో కూడిన సెలవు దినకూలీకి కూడా చట్టం ఇచ్చిన హక్కు. కంపెనీ యజమాని ఇవ్వనంటే సంఘానికి చెప్పండి. ఆ రోజు ఉప్పల్ చౌరస్తాలో వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం నిలబడే జనంలో మన జెండా మనుషులు ఉండాలి.

కవరు ముట్టొద్దు. ఓటు అడగడానికి వచ్చినవాడి ముందు మన డిమాండ్ల కాగితం పెట్టండి. మార్కెట్ కమిటీలకు రైతుల ఓటుతో ఎన్నికలు. సహకార సంఘాలకు సకాలంలో ఎన్నికలు. కౌలు రైతుకు గుర్తింపు. మద్దతు ధరకు చట్టబద్ధత. జవహర్‌నగర్ చెత్త గుట్ట మీద స్థానికులు లేకుండా ఏ తీర్మానమూ చేయొద్దు. సంతకం పెడితే ఆ కాగితం దాచిపెట్టండి. నిజామాబాద్ రైతులు బాండు పేపరును దాచినట్టు.

పోలింగ్ మరునాడు వేలి మీద సిరా ఆరకముందే సంఘం మీటింగ్ ఉంటుంది. ఓటేసినవాళ్లంతా దానికీ రావాలి.